శ్వాస రహస్యాన్వేషి జాన్ స్కాట్ హాల్డేన్

మానవుడు ఈ లోకంలోకి వచ్చీ రాగానే చేసే మొదటి పని ఊపిరి పీల్చడం. ఈ లోకాన్ని విడిచి వెళ్ళేటప్పుడు చేసే చివరి పని ఊపిరి విడవడం. ఈ రెంటి నడుమ సాగేదే జీవితం. తెలుగులో ఊపిరి అన్నా, ఉర్దూలో దమ్ అన్నా అది ప్రాణానికి మారుపేరే. ఆ దమ్ అనే మాటే తెలుగులోకి దమ్ముగా ప్రవేశించి, ఊపిరి అనే అర్థంతోపాటు సత్తువ, ధైర్యం అనే అర్థాలను కూడా సంతరించుకున్నది. నిమిషానికి పన్నెండు మొదలు పదహారు పర్యాయాల వంతున మనం రోజుకు సుమారు 20,000 సార్లు శ్వాసిస్తాము. అందులో మనకు తెలిసి తీసుకునే ఊపిరులు బహు కొద్ది. గాఢనిద్రలో మనకు బదులుగా ఊపిరి తీస్తున్నదెవరు? మెట్లెక్కునపుడు దానిని హెచ్చించవలెననీ, కూర్చున్నపుడు తగ్గించవలెననీ ఆజ్ఞ ఇచ్చుచున్నదెవరు? ఈ ప్రశ్నకు సగం సమాధానాన్ని పూర్వపు వైద్యులు ఇతర ప్రాణుల శరీరాలను కోసి తెలుసుకున్నారు. మిగిలిన సగంలో ముఖ్యభాగాన్ని తన శరీరాన్నే ప్రయోగశాలగా మార్చుకొని తెలుసుకున్న శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన చరిత్ర విజ్ఞానశాస్త్ర విద్యార్థులకేగాక, చదువు ఎందుకోసమని ఆలోచించే ప్రతి విద్యార్థికీ తెలియదగినది.

హాల్డేన్ కృషి విలువ తెలియాలంటే ఆయనకు ముందు ఎంతవరకు తెలిసి ఉన్నదో చూడాలి. క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు కత్తిసాములో గాయపడిన మల్లులకు చికిత్స చేసేవాడు. జంతువులపై కూడ పరీక్షలు జరిపి, మెడ పైభాగంలో వెన్నుపాము తెగితే శ్వాస తక్షణమే ఆగిపోతుందనీ, అదే గాయం ఇంకా కిందుగా తగిలితే శ్వాస నిలిచి ఉంటుందనీ ఆయన గ్రహించాడు. గాలెన్ చెప్పినవన్నీ సత్యాలు కావు. గుండెలో కుడిగది నుండి ఎడమగదికి రక్తం నడిమి గోడ గుండా పోతుందన్న ఆయన అభిప్రాయాన్ని పదమూడవ శతాబ్దంలో ఇబ్నున్నఫీస్ ఖండించి, రక్తం ఊపిరితిత్తుల గుండా ప్రయాణించి గాలితో కలుస్తుందని వ్రాశాడు. అయితే శ్వాసను నడిపించే స్థానం ఏదన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

1811-12 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెగాల్వా కుందేలు మెదడును పైనుండి కిందికి పొరలు పొరలుగా తొలగిస్తూ పోయాడు. పెద్దమెదడు పోయినా, చిన్నమెదడు పోయినా కుందేలు శ్వాసిస్తూనే ఉన్నది. మెదడు కాండంలో అట్టడుగున ఉన్న మజ్జాముఖంలో, వేగస్ నాడి బయలుదేరే చోటికి కత్తి చేరగానే శ్వాస ఆగిపోయింది. తరువాత ఫ్లౌరెన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ చోటుకు ప్రాణగ్రంథి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. పుర్రెకు, వెన్నెముకకు సంధిస్థానంలో బొటనవ్రేలంత భాగంలో శ్వాసకు సింహాసనం ఉన్నదని ఈ విధంగా తేలింది. కాని ఆ సింహాసనం మీద ఉన్న రాజుకు రాజ్యంలోని వార్తలు ఎవరు చేరవేస్తున్నారు? ఏ వార్త విని ఆ రాజు ఆజ్ఞ మార్చుచున్నాడు? రక్తంలో ప్రాణవాయువు తగ్గడమే ఆ వార్త అని కొందరు, బొగ్గుపులుసు వాయువు పెరగడమే ఆ వార్త అని కొందరు వాదించారు. హాల్డేన్ వచ్చేనాటికి ఈ వివాదం తెగలేదు.

జాన్ స్కాట్ హాల్డేన్ 1860 మే నెలలో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో జన్మించాడు. వారిది ప్రాచీనమైన, సంపన్నమైన కుటుంబం. సహనమే ఆ వంశపు చిహ్నం మీది నినాదం. తండ్రి న్యాయవాది. మేనమామ బర్డన్ శాండర్సన్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. అన్న రిచర్డు తరువాతి కాలంలో బ్రిటిషు ప్రభుత్వంలో యుద్ధమంత్రిగా, లార్డ్ ఛాన్సలరుగా పనిచేశాడు. చెల్లెలు ఎలిజబెత్ రచయిత్రి. ఇట్టి ఇంట పుట్టినవాడు సుఖమైన ఉద్యోగంలో కూర్చొని కాలక్షేపం చేయగలడు. జాన్ హాల్డేన్ ఆ మార్గం పట్టలేదు. ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించి, 1884లో పట్టా పొంది, డండీ నగరంలోని కళాశాలలో చేరాడు.

డండీ జనపనార మిల్లుల పట్టణం. కూలీల కుటుంబాలు ఒంటిగది ఇళ్ళలో కిక్కిరిసి జీవించేవి. ఆ ఇళ్ళలోని గాలి ఎట్లున్నదో తెలుసుకోవాలని ఆచార్య కార్నెల్లీతోపాటు హాల్డేన్ అర్ధరాత్రి దాటిన తరువాత గాజుబుడ్లు పట్టుకొని బయలుదేరేవాడు. నిద్రలో ఉన్నవారిని లేపి, వారు పీల్చి విడిచిన గాలిని బుడ్లలో పట్టుకొని వచ్చి పరీక్షించేవాడు. పాఠశాలలలోని గాలిని, మురుగు కాలువలలోని గాలిని కూడ పరీక్షించారు. గాలి ఆడని తరగతి గదులలో ఉన్నన్ని సూక్ష్మజీవులు మురుగు కాలువల గాలిలో లేవని తేలినపుడు చదువుకున్నవారు సిగ్గుపడవలసి వచ్చింది. 1887లో ఈ ఫలితాలు ప్రకటితమయ్యాయి. కిటికీ లేని గదిలో పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పేవారందరికీ ఇది నేటికీ ఒక హెచ్చరికయే.

ఆ సంవత్సరమే హాల్డేన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్ళి మేనమామ ప్రయోగశాలలో చేరాడు. మనిషి విడిచిన గాలిలో ఏదో ఒక విషపదార్థం ఉంటుందని, కిక్కిరిసిన గదులలో మనుషులు సొమ్మసిల్లడానికి అదే కారణమని అప్పట్లో కొందరు పెద్దలు నమ్మేవారు. ఈ మాటలో నిజానిజాలు తేల్చడానికి హాల్డేన్, లోరెయిన్ స్మిత్ అనే సహచరుడు గాలి చొరని ఒక పెట్టెను చేయించారు. అందులో తాము కూర్చొని, తాము విడిచిన గాలినే మరల మరల పీల్చుతూ గంటల తరబడి గడిపారు. క్రమంగా ఆయాసం హెచ్చేది, తల పగిలిపోయేటంత నొప్పి వచ్చేది. మరొక పర్యాయం బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే రసాయనాన్ని పెట్టెలో ఉంచి కూర్చున్నారు. ఈసారి ప్రాణవాయువు తగ్గిపోతున్నా ఆయాసం చాలాసేపటివరకు కనిపించలేదు. అనగా ఊపిరిని తొందరపెట్టినది కల్పిత విషమూ కాదు, ప్రాణవాయువు కొరతా కాదు. మనం బయటికి విడిచే బొగ్గుపులుసు వాయువే మనలను మరల పీల్చమని తొందరపెడుతున్నది. 1893లో ప్రకటించిన ఈ ఫలితంలోనే ఆయన జీవితకాలపు కృషికి బీజం ఉన్నది.

ఇందులో ఒక భయంకరమైన సత్యం కూడ దాగి ఉన్నది. శ్వాసకేంద్రమనే కాపలాదారు ముఖ్యంగా ఒకే ద్వారాన్ని కనిపెట్టి ఉంటాడు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే వెంటనే కేక వేస్తాడు. అది పెరగకుండా మృత్యువు మరొక ద్వారం గుండా వస్తే అతడు కేక వేయడం ఆలస్యం కావచ్చు, అసలే వేయకపోవచ్చు. ఆ రెండవ ద్వారం గుండా వచ్చిన మృత్యువు వాతబడుతున్నవారు బొగ్గుగని కార్మికులని హాల్డేన్ తెలుసుకున్నాడు.

బొగ్గు మండినపుడు, గనిలో పేలుడు సంభవించినపుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. దానివలన ఆయాసం రాదు. మనిషి తూలుతాడు, మతి తప్పుతుంది, కాళ్ళలో సత్తువ పోతుంది, చివరకు నిద్రపోయినట్లుగా ప్రాణం విడుస్తాడు. దీని ప్రభావాన్ని కొలవడానికి హాల్డేన్ ఇతరులను పిలువలేదు. తానే ఆ వాయువును పీల్చుతూ, ఎప్పటికప్పుడు వ్రేలి నుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించుకుంటూ, తన రక్తంలో సగానికి మించిన భాగం విషపూరితమయ్యేవరకు ప్రయోగాన్ని సాగించాడు. అప్పటికి ఆయన సరిగా నిలబడలేని స్థితిలో ఉన్నాడు. 1895లో ఈ ఫలితాలు వెలువడినాయి.

మరుసటి ఏడు జనవరిలో సౌత్ వేల్సులోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది కార్మికులు మరణించారు. హాల్డేన్ అక్కడికి వెళ్ళి మృతదేహాలను పరీక్షించాడు. వారి చర్మం గులాబీరంగులో, బ్రతికి ఉన్నవారికన్న కళగా కనిపించింది. అది కార్బన్ మోనాక్సైడ్ గురుతు. పేలుడు దెబ్బకు మరణించినవారు కొద్దిమంది. ఆ తరువాత వ్యాపించిన విషవాయువుకు బలియైనవారే అధికులు. సరియైన సమయంలో హెచ్చరిక అంది ఉంటే వారిలో అనేకులు ప్రాణాలతో ఇళ్ళకు చేరేవారు. ఆ హెచ్చరికకు హాల్డేన్ ఒక సులభమైన ఉపాయం చెప్పాడు. చిన్న ప్రాణుల దేహంలో శ్వాస, రక్తప్రసరణ అతి వేగంగా జరుగుతాయి గనుక విషవాయువు ప్రభావం మనిషికన్న ముందుగా వాటిమీద కనిపిస్తుంది. చిట్టెలుకనో, పంజరంలో కెనరీ పిట్టనో వెంట తీసుకొని వెళ్ళితే అది సొమ్మసిల్లిన వెంటనే మనుషులు వెనుకకు మరలవచ్చు. బ్రిటిషు గనులలో 1986 వరకు ఈ పిట్టలు కార్మికులకు తోడుగా ఉన్నాయి. వాటివలన దక్కిన ప్రాణాలెన్నో.

మురుగు కాలువలలో జరిగే మరణాలను కూడ ఆయన పరిశోధించాడు. 1895లో లండను సమీపంలోని ఈస్ట్ హామ్‌లో మురుగునీటి గుంతలోకి ఒక పనివాడు దిగి పడిపోయాడు. అతనిని రక్షించబోయి ఒకరి వెంట ఒకరుగా దిగిన నలుగురు కూడ మరణించారు. కుళ్ళిన గ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ ఇందుకు కారణమని హాల్డేన్ నిర్ధారించాడు. ఆ వాయువు మోతాదు హెచ్చితే దాని వాసన కూడ తెలియదు, శ్వాసకేంద్రమే స్తంభించిపోతుంది.

ఇన్ని సంవత్సరాల అనుభవంతో హాల్డేన్ మరల మూలప్రశ్నకు వచ్చాడు. శ్వాసకేంద్రం బొగ్గుపులుసు వాయువును గమనిస్తున్నదంటే ఎంత సూక్ష్మంగా గమనిస్తున్నది? దీనికి ముందు ఊపిరితిత్తుల అడుగున, వాయుగోణులలో ఉన్న గాలిని పట్టుకోవాలి. ప్రీస్ట్లీ అనే యువశిష్యునితో కలిసి ఆయన కనిపెట్టిన పద్ధతి ఎంతో తేలికైనది. ఒక పొడవాటి గొట్టంలోకి గాలిని ఒక్కసారిగా గట్టిగా చివరివరకు ఊది, గొట్టాన్ని నాలుకతో మూయాలి. చివరగా వచ్చిన గాలి వాయుగోణులలోనిది. గొట్టం మొదట్లో నిలిచిన ఆ గాలిని బుడ్డిలోకి తీసుకొని పరీక్షించాలి. అంతకుమించి పరికరమేమీ లేదు.

1905లో వీరు ప్రకటించిన వ్యాసం శరీరధర్మశాస్త్రంలో ఒక మైలురాయి. బయటిగాలిలో బొగ్గుపులుసు వాయువు లేశమాత్రంగానే ఉంటుంది. వాయుగోణులలో మాత్రం అది ఐదున్నర, ఆరు శాతం ఉంటుంది. ఇది మనిషి మనిషికి కొంచెం భేదించినా, ఒకే మనిషిలో దినదినమూ మారకుండా నిలిచి ఉంటుంది. పీల్చే గాలిలో కొంత బొగ్గుపులుసు వాయువును కలిపితే మనిషి తనకు తెలియకుండానే లోతుగా శ్వాసించి వాయుగోణులలోని మట్టాన్ని ఇంచుమించు యథాస్థితిలో నిలుపుకుంటాడు. వాయుగోణులలో ఆ వాయువు కేవలం 0.2 శాతం పెరిగితే చాలు, ఊపిరితిత్తులలోకి వచ్చిపోయే గాలి రెట్టింపవుతుంది. నగలు తూచే కంసాలి త్రాసుకు కూడ ఇంతటి సూక్ష్మత ఉన్నదో లేదో! స్కాట్లండులోని బెన్ నెవిస్ శిఖరంపై, కార్న్‌వాల్‌లోని లోతైన డాల్కోత్ గనిలో, గాలిని ఒత్తిన ఉక్కు గదులలో కూడ వారు ఇదే పరీక్ష చేశారు. గాలి ఒత్తిడి మారినపుడు శాతం మారింది గాని, బొగ్గుపులుసు వాయువు పీడనం మాత్రం సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసమట్టం దగ్గరే నిలిచింది.

మరొక ప్రయోగం ఇంకా విచిత్రమైనది. కొన్ని నిమిషాలు గబగబా లోతైన ఊపిరులు తీసి ఆపివేస్తే, ఆ తరువాత కొంతసేపు ఊపిరి తీయాలనే కోరికే పుట్టదు. ప్రాణవాయువు సమృద్ధిగా నిండడమే ఇందుకు కారణమని పూర్వులు భావించారు. బొగ్గుపులుసు వాయువు కడుక్కుపోవడమే అసలు కారణమని హాల్డేన్, ప్రీస్ట్లీ చూపించారు. రాజుకు వార్త అందకపోతే ఆజ్ఞ ఎట్లు వెలువడుతుంది? ఇది చెరువులలో, దిగుడుబావులలో ఈత కొట్టే మన యువకులు తప్పక తెలుసుకోవలసిన విషయం. నీటి అడుగున ఎక్కువసేపు ఉండాలని ముందుగా గబగబా ఊపిరులు తీసి మునిగేవారికి, బొగ్గుపులుసు వాయువు మరల తన మట్టానికి చేరకముందే ప్రాణవాయువు అడుగంటిపోతుంది. పైకి రావాలన్న తొందర కలుగకుండానే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవారు కూడ నిశ్శబ్దంగా మునిగిపోవడానికి ఇది ఒక కారణం.

ఈ జ్ఞానం హాల్డేన్ చేతిలో వెంటనే పనికి వచ్చింది. నౌకాదళపు గజఈతగాళ్ళు లోతులో త్వరగా అలసిపోవడానికి కారణం వారి శిరస్త్రాణంలో బొగ్గుపులుసు వాయువు పోగుపడడమేనని ఆయన కనుగొని, లోతునుబట్టి గాలిని హెచ్చుగా పంపాలని చెప్పాడు. లోతునుండి తటాలున పైకి వచ్చేవారి రక్తంలో నత్రజని బుడగలుగా మారి పక్షవాతం, మరణం కలిగించేవి. మేకలపై పరీక్షలు జరిపి, మజిలీ మజిలీగా ఆగుతూ పైకి వచ్చే పద్ధతిని ఆయన రూపొందించాడు. 1908లో ప్రచురితమైన ఆ పట్టికలే తరువాత వచ్చిన పద్ధతులన్నింటికీ పునాది. 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ అనే, సుమారు 4,300 మీటర్ల ఎత్తుగల పర్వతంపై సహచరులతో ఐదు వారాలు నివసించి, పలుచని గాలికి శ్వాస ఎట్లు అలవాటుపడుతుందో పరిశీలించాడు. ఆ బృందంతోపాటు వచ్చిన మేబెల్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే మహిళ ఒంటరిగా కొలరాడో గనుల ఊళ్ళన్నీ తిరిగి అక్కడివారి శ్వాసను కొలిచింది. ఆమె చదువుకున్న రోజులలో ఆక్స్‌ఫర్డు స్త్రీలకు పట్టాలు ఇచ్చేది కాదు. 1972లో, నూరేళ్ళ వయస్సులో ఆమెకు ఆ విశ్వవిద్యాలయం గౌరవపట్టా ఇచ్చింది. మన విద్యార్థినులు ఈ పేరును కూడ గుర్తుంచుకోవాలి.

మహనీయుల చరిత్రలో వారి పొరపాట్లను దాచడం చరిత్రకు ద్రోహం. ఎత్తైన ప్రదేశాలలో ఊపిరితిత్తులు ప్రాణవాయువును గ్రంథులవలె స్రవించి రక్తంలోకి నెడతాయని హాల్డేన్ నమ్మాడు. డెన్మార్కులో క్రోగ్ దంపతులు, ఇంగ్లండులో బార్‌క్రాఫ్ట్ దీనిని తప్పని నిరూపించారు. బార్‌క్రాఫ్ట్ 1920లో గాజుగదిలో ఆరు రోజులు గడిపి మరీ రుజువు చూపాడు. అయినా హాల్డేన్ తుదివరకు తన నమ్మకాన్ని విడువలేదు. జీవి కేవలం యంత్రం కాదని ఆయన తాత్విక విశ్వాసం. బహుశా ఆ విశ్వాసమే ఇక్కడ ఆయన కళ్ళకు అడ్డుపడి ఉంటుంది. శాస్త్రంలో ఎంతటివారి మాటనైనా ప్రయోగమే తీర్పు చెప్పాలనడానికి ఇది తార్కాణం.

1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మను సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించింది. ప్రభుత్వం హాల్డేన్‌ను యుద్ధరంగానికి పంపింది. యాభై ఐదేళ్ళ ఆ శాస్త్రజ్ఞుడు క్లోరిన్ నిండిన గదిలోకి తానే ప్రవేశించి, దగ్గుతూ, కళ్ళు మండుతూ, ముఖానికి కట్టుకునే రక్షణలను పరీక్షించాడు. ఆ రోజులలోనే ఆయన అన్న రిచర్డుపై జర్మను పక్షపాతి అన్న నింద వేసి మంత్రిపదవి నుండి తొలగించారు. ఇంటిపేరుకు పడిన నిందను లక్ష్యపెట్టక తమ్ముడు సైనికుల ఊపిరి కాపాడే పనిలో నిమగ్నుడైనాడు. విషవాయువు సోకినవారికి ప్రాణవాయువును క్రమపద్ధతిలో అందించే సాధనాన్ని రూపొందించి 1917లో వివరించాడు. నేడు ఆసుపత్రులలో రోగులకు ప్రాణవాయువు అందించే విధానానికి ఇది తొలిమెట్లలో ఒకటి.

ఆక్స్‌ఫర్డులో ఆయనకు ఆచార్యపీఠం లభించలేదు. గనుల పరిశోధనాలయానికి అధిపతియై, గని ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడై, కార్మికుల మధ్యనే తిరిగాడు. 1934లో రాయల్ సొసైటీవారు కాప్లీ పతకంతో ఆయనను సత్కరించారు. డెబ్బై ఐదేళ్ళ వయస్సులో కూడ విశ్రాంతి ఎరుగక, చమురు కార్మికులకు తగిలే వడదెబ్బను పరిశీలించడానికి ఇరాన్, ఇరాక్ దేశాలకు వెళ్ళాడు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే న్యుమోనియా సోకి, 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డులో కన్నుమూశాడు. జీవితమంతా ఊపిరిని శోధించినవానిని చివరకు ఊపిరితిత్తుల వ్యాధియే తీసుకొని పోయింది.

ఆయన విడిచిన పనిని ఇతరులు కొనసాగించారు. శ్వాసకేంద్రం ఒకే బిందువు కాదనీ, మజ్జాముఖానికి పైనున్న పాన్స్ భాగం కూడ ఉచ్ఛ్వాస నిశ్వాసాల మార్పిడిని సరిదిద్దుతుందనీ 1923లో లమ్స్‌డెన్ చూపాడు. ప్రాణవాయువు తగ్గుదలను గమనించే చిన్న అవయవాలు మెడలోని రక్తనాళాల వద్ద ఉన్నాయని తెలిసింది; ఆ కృషికి హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఆ కాపలాదారులు ప్రాణవాయువు బాగా క్షీణించిన తరువాతనే గట్టిగా కేక వేస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం దాదాపు గుర్తించలేరు. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి చేరి దానిని ఆమ్లగుణం కలదిగా చేస్తుందనీ, మజ్జాముఖం అడుగుభాగాన ఉన్న కణాలు ఆ ఆమ్లతను పసిగడతాయనీ తరువాత రుజువైనది. ఇక లయ ఎక్కడ పుడుతున్నది? 1931లో ఏడ్రియన్, బోయ్‌టెన్‌డైక్ అనేవారు బంగారు చేప మెదడు కాండాన్ని విడిగా తీసినా అందులో శ్వాసను పోలిన విద్యుత్తు తరంగాలు లయబద్ధంగా పుట్టడం గమనించారు. 1991లో స్మిత్, ఫెల్డ్‌మన్ మొదలైనవారు అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మజ్జాముఖం నుండి తీసిన పలుచని ముక్కలో కూడ ఆ లయ కొనసాగడం చూపి, దానికి మూలమైన నాడీకణాల గుంపును గుర్తించారు. ప్రీ-బోట్జింగర్ సముదాయమని దానికి పేరు. అక్కడ పుట్టిన తాళం వెన్నుపాము గుండా ఉదరవితానానికీ, పక్కటెముకల కండరాలకూ చేరుతుంది. తాళం వేసేది ఆ కణాలు. ఆ తాళం వడి ఎంత ఉండవలెనో ముఖ్యంగా నిర్ణయించేది హాల్డేన్ కొలిచిన ఆ వాయువే.

హాల్డేన్ కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ కూడ విఖ్యాత శాస్త్రజ్ఞుడే. అతడు బాలుడుగా ఉన్నపుడు తండ్రి ఒక గనిలోకి తీసుకొని పోయి, నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నాడు. సగంలోనే బాలునికి ఊపిరాడక కూలబడ్డాడు. నేలమీద పడగానే తేరుకున్నాడు. మీథేన్ వాయువు తేలికయై పైకప్పు దగ్గర చేరుతుందనీ, అది విషం కాదుగాని ప్రాణవాయువుకు చోటులేకుండా చేస్తుందనీ ఆ పాఠం అతడు జన్మలో మరువలేదు. ఆ కుమారుడు 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, భారత పౌరసత్వం స్వీకరించి, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరంలో మరణించాడు. ఆయన కోరిక మేరకు ఆయన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకోసం మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించారు. తండ్రి బ్రతికి ఉండగా దేహాన్ని శాస్త్రానికి అర్పించాడు. తనయుడు మరణించిన తరువాత కూడ అర్పించాడు. స్కాట్లండులో మొదలైన ఆ వంశపు దానం తుదకు తెలుగునేలకు చేరింది.

విద్యార్థులారా! నేటికీ మన పట్టణాలలో మ్యాన్‌హోళ్ళలోకి దిగి పనివారు మరణిస్తూనే ఉన్నారు. 2013లో కఠినమైన చట్టం వచ్చినా ఈ మరణాలు నిలువలేదు. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగిన ఒకరిని రక్షించబోయి ఇద్దరు, ముగ్గురు ప్రాణాలు కోల్పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. ఈస్ట్ హామ్‌లో జరిగినదీ ఇదే. మన పెద్దలు బావిలోకి దిగేముందు వెలిగించిన లాంతరును తాడుతో దింపి చూసేవారు. ప్రాణవాయువు సుమారు పదిహేడు శాతానికి తగ్గితే దీపం ఆరిపోతుంది గనుక అది మంచి ఆచారమే. అయితే దీపం వెలుగుతున్నంత మాత్రాన విషవాయువు లేదనుకోరాదు. పైగా మండే వాయువున్న మురుగుగుంతలో దీపమే ప్రమాదం. పడిపోయినవానిని చూసి ఆవేశంతో దిగక, వెలుపలి గాలిని అందించే సాధనం, నడుముకు తాడు, పైన మనుషులు ఉన్నపుడే దిగాలి. ఈ ఒక్క మాటను మీ ఇంటిలో, మీ వాడలో చెప్పగలిగితే హాల్డేన్ పీల్చిన విషం వృథా కానట్లే.

శ్వాసను సృష్టికర్త మనకు అడగకుండానే ఇచ్చాడు. దానిని నడిపే కాపలాదారు ఎక్కడ మేల్కొని ఉంటాడో, ఎక్కడ ఏమరుతాడో తెలుసుకొని, ఆ తెలివిని గనిలో, గుంతలో, సముద్రగర్భంలో శ్రమించే పేదవారికి అందించినవాడు హాల్డేన్. చదువుకు ఇంతకుమించిన సార్థకత ఏమున్నది?